రెండు పొలాల గట్టు మీద: సందేహాలు - సమాధానాలు

విండోస్ కంప్యూటర్‌లో లినక్స్ కమాండ్లు నడుపుకోవడం గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

*

సర్, నేను బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఫోర్క్ ప్రోగ్రాం ఇచ్చారు. కాలేజీలో ఉబుంటు మీద బాగానే నడిచింది. హాస్టల్‌కి వచ్చి నా ల్యాప్‌టాప్‌లో కోడ్‌బ్లాక్స్‌లో పెడితే 'సిస్/వెయిట్.హెచ్' అనే ఫైలే లేదంటోంది. ఆ లైను తీసేస్తే ఫోర్క్ అంటే ఏంటో తెలీదంటోంది. సీ భాష రెండు చోట్లా ఒకటే కదా, మరి ఎందుకిలా?
— విద్యార్థి, కాకినాడ

భాష ఒకటే బాబూ, కానీ ఫోర్క్ ఆ భాషలోది కాదు. ప్రింట్‌ఎఫ్ లాంటివి సీ లైబ్రరీతో పాటు ఎక్కడికైనా వస్తాయి. ఫోర్క్ మాత్రం యూనిక్స్ కెర్నెల్‌కి పెట్టుకునే అర్జీ. నడుస్తున్న ప్రోగ్రాం 'నాలాంటిదాన్నే ఇంకోదాన్ని పుట్టించు' అని అడుగుతుంది. కెర్నెల్ అదే మెమరీ, అవే తెరిచిన ఫైళ్లు ఉన్న పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. అందుకే ఒక్కసారి పిలిచిన ఫోర్క్ రెండుసార్లు తిరిగొస్తుంది: తల్లి దగ్గరికి పిల్ల నంబరుతో, పిల్ల దగ్గరికి సున్నాతో. విండోస్ ప్రోగ్రాంలకు ఈ పద్ధతి లేదు. అక్కడ కొత్త ప్రాసెస్ కావాలంటే ఫలానా ఈఎక్స్‌ఈ ఫైలును మొదటినుంచీ మొదలుపెట్టమని చెప్పాలి. కోడ్‌బ్లాక్స్‌తో వచ్చే మింగ్‌డబ్ల్యూ కంపైలర్ తయారుచేసేది అచ్చమైన విండోస్ ప్రోగ్రాంలను. విండోస్‌లో లేని ఫోర్క్‌ను అది ఎక్కణ్నుంచీ తేలేదు. తప్పు నీ ప్రోగ్రాంలో లేదు.

విండోస్ మీద యూనిక్స్ పనిముట్లు నడపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఈ మూడూ తెలిస్తే కింది ఉత్తరాలన్నీ సులువుగా అర్థమవుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది సిగ్విన్. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్‌లో స్టీవ్ చాంబర్లేన్ మొదలుపెట్టిన పని ఇది. యూనిక్స్ ప్రోగ్రాం సోర్సును తీసుకుని విండోస్ కోసం మళ్లీ కంపైల్ చేస్తారు. సిగ్విన్1.డీఎల్‌ఎల్ అనే లైబ్రరీ మధ్యలో కూర్చుని, ఆ ప్రోగ్రాం అడిగే యూనిక్స్ సేవలన్నీ విండోస్‌లో ఉన్నవాటితోనే సర్దిపెడుతుంది. ఫోర్క్‌ను కూడా సర్దుతుంది. అదే ప్రోగ్రాంను విండోస్ పద్ధతిలో కొత్తగా మొదలుపెట్టి, దాన్ని కదలకుండా నిలబెట్టి, తల్లి మెమరీనంతా పిల్లలోకి నకలు చేస్తుంది. లినక్స్ కెర్నెల్ ఇంత శ్రమపడదు. తల్లీ పిల్లా అవే మెమరీ పేజీలను పంచుకుంటారు, ఎవరో ఒకరు ఒక పేజీలో రాయబోయినప్పుడు మాత్రమే ఆ పేజీకి నకలు తీస్తుంది. అందుకే సిగ్విన్‌లో ఫోర్క్ నెమ్మది. అయినా కెర్నెల్‌ను ముట్టుకోకుండా, బయటినుంచి ఒక్క లైబ్రరీతో ఇంత పని సాధించినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. నీ ల్యాప్‌టాప్‌లో గిట్ బ్యాష్ ఉంటే అది కూడా ఈ వంశంలోదే. దాని కింద ఉన్న ఎమ్‌సిస్2 సిగ్విన్ నుంచి విడివడ్డ శాఖ.

రెండోది దుబాసీ పద్ధతి. 2016లో వచ్చిన విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్, అంటే డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్ ఇలా పనిచేస్తుంది. లినక్స్ కోసం కంపైల్ అయిన ఫైలును ఏ మార్పూ లేకుండా తెచ్చి నడిపిస్తుంది. ఆ ప్రోగ్రాం లినక్స్ కెర్నెల్‌ను ఏమడిగినా, విండోస్ కెర్నెల్ లోపల కూర్చున్న డ్రైవర్ ఆ మాటను విని విండోస్ భాషలోకి మార్చి చెబుతుంది. అక్కడ లినక్స్ కెర్నెల్ ఒక్క ముక్క కూడా ఉండదు.

మూడోది దుబాసీని పక్కనపెట్టి అసలు మనిషినే పిలిపించుకోవడం. 2019లో ప్రకటించి 2020 మేలో విండోస్ 10తో అందించిన డబ్ల్యూఎస్ఎల్2లో నిజమైన లినక్స్ కెర్నెలే ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది. అక్కడ ఫోర్క్ అంటే ఫోర్కే.

నీకు నా సలహా మూడోదే. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్' అని కొట్టు. ఒకసారి రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు వస్తుంది. అందులో 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్' కొడితే జీసీసీ సిద్ధం. ముందుముందు ల్యాబ్‌లో షేర్డ్ మెమరీ, సెమాఫోర్, మెసేజ్ క్యూ ప్రోగ్రాంలు కూడా వస్తాయి. సిగ్విన్‌లో వాటికోసం సిగ్‌సర్వర్ అనే సర్వీసును విడిగా నడిపించుకోవాలి. డబ్ల్యూఎస్ఎల్2లో కాలేజీ ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రాం అలాగే నడుస్తుంది.

*

పై పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేశాను. ఉబుంటు తెరవగానే 80370102తో ముగిసే ఎర్రర్ నంబరు వస్తోంది. మూడుసార్లు తీసి మళ్లీ వేశాను, ఫలితం లేదు.
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

తీసి వేయడం ఆపమ్మా, లోపం అక్కడ లేదు. వర్చువల్ మెషీన్ నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే సౌకర్యం నీ కంప్యూటర్‌లో ఆపేసి ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ నొక్కి చూడు. వర్చువలైజేషన్ ఎదురుగా డిజేబుల్డ్ అని ఉంటే, బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చెయ్యాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-ఎక్స్ అనో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో ఉంటుంది, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. అది ఆన్‌లోనే ఉంటే, విండోస్ ఫీచర్ల జాబితాలో వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ ఎదుట టిక్ ఉందో లేదో చూడు. విండోస్ హోమ్ ఎడిషన్ అయినా సరిపోతుంది.

*

నేను హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌ని, ఇంటినుంచే పని. 8 జీబీ ల్యాప్‌టాప్. డబ్ల్యూఎస్ఎల్2 వేసుకున్నాక రెండు బాధలు. ప్రాజెక్టు సీ డ్రైవ్‌లో ఉంది, దాన్ని ఉబుంటులోంచి నడిపితే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్‌కి టీ పెట్టుకుని తాగొచ్చినా అవ్వదు. ఫైలు మార్చి సేవ్ చేస్తే బ్రౌజర్‌లో మార్పు దానంతటదే రావడం కూడా ఆగిపోయింది. రెండోది, సాయంత్రానికి వీఎమ్‌మెమ్ అనే ప్రాసెస్ సగం మెమరీ తినేస్తోంది. లినక్స్ వేగం అంటారు, ఇదేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీ లినక్స్ వేగంగానే ఉందండీ, విండోస్ కూడా వేగంగానే ఉంది. ఆలస్యమంతా రెండింటి మధ్య గట్టు దాటడంలో ఉంది. పక్కపక్క పొలాలవాళ్లకు తగాదాలు ఎప్పుడూ గట్టు దగ్గరే మొదలవుతాయి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ గట్టు గురించినవే.

డబ్ల్యూఎస్ఎల్2లో లినక్స్‌కి సొంత డిస్కు ఉంటుంది. విండోస్ వైపు నుంచి చూస్తే అదొక పెద్ద వీహెచ్‌డీఎక్స్ ఫైలు, దాని లోపల ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. లినక్స్ తన డిస్కులోని ఫైలు తెరిచినప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు. సీ డ్రైవ్ మాత్రం 'ఎమ్ఎన్‌టీ' ఫోల్డరు కింద కనిపిస్తుందే గానీ అది లినక్స్‌ది కాదు. అక్కడి ఫైలును ముట్టుకున్న ప్రతిసారీ 9పీ అనే ప్రోటోకాల్‌లో విండోస్ వైపుకి కబురు వెళ్లి జవాబు రావాలి, దాదాపు నెట్‌వర్క్ మీద ఉన్న డ్రైవ్‌లాగా. ఒక పెద్ద సినిమా ఫైలు చదవాలంటే ఇది అంత తెలీదు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి. వేలసార్లు కబురు, వేలసార్లు జవాబు. మీ టీ చల్లారేది అక్కడే.

బ్రౌజర్‌లో మార్పు రాకపోవడానికీ మూలం ఇదే. ఫైలు మారగానే లినక్స్ కెర్నెల్ ఐనోటిఫై అనే ఏర్పాటు ద్వారా ప్రోగ్రాంలకు చెబుతుంది. ఫైలు విండోస్ వైపు మారితే ఆ సంగతి లినక్స్ కెర్నెల్‌కి తెలియదు, కాబట్టి ఎవరికీ చెప్పదు.

ప్రాజెక్టును లినక్స్ వైపు మీ హోమ్ ఫోల్డరులోకి మార్చేయండి. కాపీ చేసే బదులు గిట్ నుంచి అక్కడే కొత్తగా క్లోన్ చేసుకుంటే ఇంకా మంచిది. ఎడిటర్ విండోస్‌లోనే ఉండొచ్చు. వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, ఉబుంటులో ప్రాజెక్టు ఫోల్డరులో నిలబడి 'కోడ్ .' అని కొడితే కిటికీ విండోస్‌లో తెరుచుకుంటుంది, పని లినక్స్ వైపు జరుగుతుంది. ఆ ఫోల్డరును విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడాలనిపిస్తే అక్కడే 'ఎక్స్‌ప్లోరర్.ఈఎక్స్‌ఈ .' అని కొట్టండి. ఏ పనిముట్టుతో పని చేస్తున్నారో ఫైళ్లు ఆ వైపే ఉండాలి.

మెమరీ సంగతికొస్తే, డబ్ల్యూఎస్ఎల్2 మామూలుగా మీ మెమరీలో సగం వరకు తీసుకోగలదు. ఖాళీగా ఉన్న మెమరీలో చదివిన ఫైళ్లను దాచుకోవడం లినక్స్ అలవాటు. సొంత కంప్యూటర్ మీద అది మంచి అలవాటే. పక్కన విండోస్ కూడా బతకాలి కాబట్టి ఇక్కడ ఇబ్బంది. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డరులో '.డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్' అనే ఫైలు చేసి, మొదటి లైనులో చదరపు బ్రాకెట్ల మధ్య డబ్ల్యూఎస్ఎల్2 అని, రెండో లైనులో 'మెమరీ=3జీబీ' అని రాయండి. నోట్‌ప్యాడ్ ఆ పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అలా ఉంటే ఆ ఫైలును ఎవరూ చదవరు, చూసుకోండి. తర్వాత 'డబ్ల్యూఎస్ఎల్ --షట్‌డౌన్' కొట్టి మళ్లీ తెరవండి. పని అయిపోయిన రోజు సాయంత్రం కూడా ఈ షట్‌డౌన్ కొడితే మెమరీ మొత్తం వెనక్కి వస్తుంది.

4 జీబీ ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకు వేరే మాట. వాళ్లకు మొదటి వెర్షన్ ఇంకా పనికొస్తుంది. దానికి విడిగా వర్చువల్ మెషీన్ అక్కర్లేదు, సీ డ్రైవ్ ఫైళ్ల దగ్గర రెండో వెర్షన్‌కన్నా వేగం కూడా. డాకర్ లాంటివి దాని మీద నడవవు. గ్రెప్, ఆక్, సెడ్, చిన్న సీ ప్రోగ్రాంలకు నిక్షేపంగా సరిపోతుంది.

*

అయ్యా, రిటైరైన లెక్చరర్‌ని. విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్ అన్న పేరే తిరగేసి పెట్టినట్టుంది. లినక్స్ కోసం విండోస్ అని కదా అర్థం వస్తోంది? ఇది మైక్రోసాఫ్ట్‌కు ఇప్పుడు పుట్టిన ఆలోచనేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

లినక్స్ ప్రోగ్రాంలను నడపడానికి విండోస్‌లో ఉన్న సబ్‌సిస్టమ్ అని చదువుకోండి మాస్టారూ, సరిపోతుంది. ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1 వచ్చినప్పుడే ఒకే కెర్నెల్ మీద విన్32, ఓఎస్/2, పాజిక్స్ అనే సబ్‌సిస్టమ్‌లు పక్కపక్కన ఉండేవి. ఆ పాజిక్స్ సబ్‌సిస్టమ్‌కు నెట్‌వర్క్ లేదు, రోజువారీ పనికి చాలేది కాదు. తర్వాత ఇంటరిక్స్ అనే మెరుగైన ఉత్పత్తిని మైక్రోసాఫ్ట్ 1999లో కొనుక్కుంది. సర్వీసెస్ ఫర్ యూనిక్స్ పేరుతో కొన్నేళ్లు ఇచ్చి, విండోస్ 8.1 నాటికి తీసేసింది. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థ పగ్గాలు పట్టాక, 2016లో డబ్ల్యూఎస్ఎల్ వచ్చింది. 2025 మేలో దాని సోర్సును కూడా బయటపెట్టారు.

*

విండోస్‌లో రాసుకున్న షెల్ స్క్రిప్టును ఉబుంటులో నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని, పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం వస్తున్నాయి. ఫైల్లో ఎంత వెతికినా ఆ ఎమ్ కనబడదు.
— సిస్టమ్ అడ్మిన్, విశాఖపట్నం

ఆ ఎమ్ కంటికి కనిపించే అక్షరం కాదు. లైను చివర దాక్కున్న 13వ నంబరు సంకేతం, క్యారేజ్ రిటర్న్. టెలిప్రింటర్ల కాలంలో లైను మారాలంటే రెండు పనులు జరగాలి: అచ్చు తల ఎడమ అంచుకు రావాలి, కాగితం ఒక లైను పైకి జరగాలి. మొదటిదానికి 13, రెండోదానికి 10. డాస్, దాని వెంట విండోస్, ఈ రెండింటినీ ఫైల్లో దాచుకున్నాయి. యూనిక్స్ 10 ఒక్కటే చాలనుకుంది. మీ స్క్రిప్టు మొదటి లైనులో బ్యాష్ పేరు ఉంది కదా, దాని వెనక 13 అంటుకుని ఉండటంతో, లినక్స్ ఆ తోక కూడా పేరులో భాగమే అనుకుని అలాంటి ప్రోగ్రాం కోసం వెతుకుతుంది. ఎక్కడ దొరుకుతుంది?

'డాస్2యూనిక్స్' అనే చిన్న పనిముట్టు వేసుకుని దానికి ఫైలు పేరు ఇస్తే తోకలన్నీ కత్తిరిస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం విండోస్ వైపు గిట్‌ను అనుమానించండి. దాన్ని వేసేటప్పుడు ముందుగా ఎంచి ఉన్న పద్ధతి, ఫైళ్లను దించేటప్పుడు విండోస్ తరహా లైను చివరలు పెట్టడం. రిపాజిటరీలో '.గిట్‌యాట్రిబ్యూట్స్' ఫైలు పెట్టి, ఎస్‌హెచ్ ఫైళ్లకు 'ఈఓఎల్=ఎల్ఎఫ్' అని రాస్తే ఆ రిపాజిటరీ వాడేవాళ్లందరికీ బాధ తీరుతుంది.

*

పవర్‌షెల్‌లో ఎల్ఎస్ కొడితే పనిచేస్తోంది. ఎల్ఎస్ -ఎల్ఏ కొడితే ఎర్రర్. విండోస్‌లో సగం లినక్స్ ఉందా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, వరంగల్

లేదు. అక్కడ ఎల్ఎస్ అనేది ముద్దుపేరు. దాని అసలు పేరు గెట్-చైల్డ్‌ఐటెమ్, అది పూర్తిగా వేరే పనిముట్టు. యూనిక్స్ అలవాటున్నవాళ్ల చేతికి తెలిసిన పేరు ఇచ్చారు, అంతవరకే. పేరు కలిసినా పని కలవని జంటలు ఇంకా ఉన్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైండ్ ఫైలు లోపలి మాటను వెతుకుతుంది, లినక్స్‌లో ఫైండ్ ఫైళ్లనే వెతుకుతుంది. ఏ కమాండ్ ఎక్కడిదో తెలియాలంటే బ్యాష్‌లో 'టైప్', పవర్‌షెల్‌లో 'గెట్-కమాండ్' వాడి చూడు.

*

మేము జానపద కథలు సేకరించి టైపు చేయిస్తున్నాం. వందల టెక్స్ట్ ఫైళ్లు, పేర్లు కూడా తెలుగులోనే. గిట్ బ్యాష్‌లో చూస్తే ఫైలు పేరు బదులు 340, 260 అంటూ అంకెలు వస్తున్నాయి. అక్షరాల లెక్కకు డబ్ల్యూసీ వాడితే 'తెలుగు' అన్న మాటకు 18 అంటోంది. అకారాది క్రమం కూడా తేడాగా ఉంది. మన భాషకు ఈ పనిముట్లు పనికిరావా?
— తెలుగు పరిశోధకురాలు, రాజమహేంద్రవరం

పనికొస్తాయమ్మా, చాలా బాగా పనికొస్తాయి. మీలాంటివాళ్లు వీటిని పట్టుకోవాలని నేను ఏళ్లుగా కోరుకుంటున్నాను. వంద కథల్లో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో గ్రెప్ రెప్పపాటులో చెప్పేస్తుంది. మీ మూడు సందేహాలకూ వేర్వేరు కారణాలున్నాయి.

అంకెలు గిట్ చేస్తున్న పని. ఇంగ్లీషు కాని పేర్లను అది ఎనిమిది ఆధారపు అంకెల్లోకి మార్చి చూపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో రాసినప్పుడు 340తోనే మొదలవుతాయి, వెంటనే 260 గానీ 261 గానీ వస్తుంది. అందుకే మీకు ఆ రెండు అంకెలే పదే పదే కనబడుతున్నాయి. 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్' అని ఒక్కసారి కొట్టండి, పేర్లు తెలుగులో వస్తాయి.

18 తప్పు లెక్క కాదు, మీరు అడిగినదానికి జవాబు కాదు, అంతే. 'డబ్ల్యూసీ -సీ' బైట్లను లెక్కపెడుతుంది. తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. 'తెలుగు'లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. 'డబ్ల్యూసీ -ఎమ్' వాడితే ఆరు అంటుంది, టెర్మినల్ యూటీఎఫ్-8లో ఉంటే. ఫైలు చివర లైను మార్పు ఉంటే ఒకటి కలుస్తుంది. మనం బడిలో నేర్చుకున్న లెక్కలో మాత్రం మూడే అక్షరాలు. 'అక్క'లో ఇంకా చిత్రం: మనకు రెండు అక్షరాలు, యంత్రానికి అ, క, పొల్లు, క కలిసి నాలుగు. గుణింతాన్నీ ఒత్తునూ హల్లుతో కలిపి ఒకటిగా లెక్కించాలంటే పైథాన్ లాంటి భాషలో చిన్న ప్రోగ్రాం రాసుకోవాలి. ఛందస్సు పని చేసేవాళ్లకు ఇది తప్పదు. మాటల లెక్కకైతే 'డబ్ల్యూసీ -డబ్ల్యూ' చాలు.

అకారాది సంగతి. సార్ట్‌కు ఏ భాషా చెప్పకపోతే యూనికోడ్ వరసలోనే పేరుస్తుంది. ఆ వరసలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉన్నాయి, ఆ తర్వాతే వ. మన వర్ణమాలలో ళ, ఱ చివరికి వస్తాయి. నిఘంటువు పనికి అచ్చంగా మనకు కావలసిన వరస రావాలంటే సొంత పట్టిక రాసుకోవడమే నమ్మకమైన దారి.

ఇంకో రెండు జాగ్రత్తలు. టెర్మినల్‌లో ఒత్తులు చెదిరి కనిపిస్తే కంగారుపడొద్దు. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా కోసి గడికొక అక్షరం పెడుతుంది, మన ఒత్తులు గళ్లలో ఇమడవు. ఫైలు లోపల అక్షరం భద్రంగానే ఉంటుంది, ఎడిటర్‌లో తెరిచి చూసుకోండి. రెండోది, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు మీ సేకరణలో ఉన్నాయేమో చూడండి. వాటిలో తెలుగు రూపం ఫాంటులోనే ఉంటుంది, లోపల ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలు. వాటిని యూనికోడ్‌కు మార్చనిదే గ్రెప్‌కు ఒక్క తెలుగు మాట కూడా దొరకదు.

*

మా రైస్ మిల్లు లెక్కలు పాత డాస్ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాంలో ఉన్నాయి. పాత కంప్యూటర్ పోయింది. కొత్త విండోస్ 11లో నడవనంటోంది. రాసిచ్చినాయన ఇప్పుడు లేరు.
— మిల్లు యజమాని, మిర్యాలగూడ

64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాంలను నడిపే భాగమే లేదు, విండోస్ 11 వచ్చింది 64 బిట్లలో మాత్రమే. మీకు కావలసింది డాస్‌బాక్స్ కోవకు చెందిన ప్రోగ్రాం. అది ఆ కాలపు కంప్యూటర్‌ను ప్రాసెసర్‌తో సహా సాఫ్ట్‌వేర్‌లో కట్టి, దాని మీద డాస్ నడుపుతుంది. మొదట ఆటల కోసం చేసినది కాబట్టి లెక్కల పనికి, ప్రింటరు సౌకర్యం ఉన్న డాస్‌బాక్స్-ఎక్స్ మేలు.

అన్నిటికన్నా ముందు, పాత హార్డ్ డిస్కులోని మొత్తం ఫోల్డరును రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీయించండి. డీబీఎఫ్ ఫైళ్లే మీ లెక్కలు. వాటిని లిబ్రేఆఫీస్ కాల్క్‌లో కూడా తెరిచి చూడొచ్చు, కాబట్టి ప్రోగ్రాం నడవకపోయినా లెక్క పోలేదని ధైర్యంగా ఉండండి. డాస్‌బాక్స్‌లో నడవడం మొదలయ్యాక ఒక నెల పుస్తకంలో కూడా రాసుకుంటూ మొత్తాలు సరిపోయాయో లేదో చూడండి. రోజు ముగిశాక కిటికీ మూలన ఇంటూ గుర్తు నొక్కి మూసేయకండి. ముందు ఫాక్స్‌ప్రోలోంచి బయటికి వచ్చి, తర్వాతే డాస్‌బాక్స్ మూయాలి. నాలుగు కంప్యూటర్ల నుంచి ఒకేసారి అదే డేటా తెరిచే ఏర్పాటు ఉంటే మాత్రం దీనిమీద ఆధారపడొద్దు, కొత్త ప్రోగ్రాంకు మారండి.

*

ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని సీ నేర్చుకోవచ్చా?
— ఇంటర్ విద్యార్థిని, పాడేరు

తప్పకుండా నేర్చుకోవచ్చు తల్లీ. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నెలే, కాబట్టి ఫోర్క్ కూడా నిజమైనదే. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ దించుకుని 'పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్' కొట్టు. ఆండ్రాయిడ్ సీ లైబ్రరీ మామూలు లినక్స్‌ది కాదు, ఫోల్డర్ల అమరికా వేరు, అందుకే మామూలు లినక్స్ ప్రోగ్రాం ఫైలు తెచ్చి పెడితే నడవదు. టెర్మక్స్ వాళ్లు ఫోన్ కోసం కంపైల్ చేసి ఇచ్చినవే వాడు. ఒక చిన్న బ్లూటూత్ కీబోర్డు దొరికితే సగం కష్టం తీరుతుంది.

*

డబ్ల్యూఎస్ఎల్ ఒక వర్చువల్ మెషీన్ కదా. అందులో నేనేం తప్పు చేసినా విండోస్‌లో నా ఫైళ్లు భద్రమేనా? కొత్తగా నేర్చుకుంటున్నాను, ఆర్ఎమ్ కమాండ్ అంటే భయం.
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

భద్రం కాదు. ఈ ఉత్తరానికి జవాబు రాయడానికే ఈసారి ఈ అంశం తీసుకున్నాను.

కొన్నేళ్ల కిందట నేనొక స్క్రిప్టు రాసుకున్నాను. పాత బిల్డ్ ఫైళ్లున్న ఫోల్డరు పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, దాని కింద ఉన్నదంతా 'ఆర్ఎమ్ -ఆర్ఎఫ్'తో తీసేయడం దాని పని. ఒకరోజు ఆ వేరియబుల్ ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ పేరు, పక్కన స్లాష్, నక్షత్రం: అంటే రూట్ కింద ఉన్నదంతా. రూట్‌నే తీసేయమంటే ఆర్ఎమ్ ఒప్పుకోదు. కానీ స్లాష్ పక్కన నక్షత్రం ఉంటే షెల్ దాన్ని విడదీసి ఫోల్డర్ల పేర్లన్నీ వరసగా ఇచ్చేస్తుంది, అప్పుడు ఆ రక్షణ పనిచెయ్యదు. ఆ వరసలో 'ఎమ్ఎన్‌టీ' ఉంది, దాని కింద సీ డ్రైవ్ ఉంది. ఏదో తేడాగా ఉందని నేను కంట్రోల్ సీ నొక్కేసరికి మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోల ఫోల్డరు పోయింది. రీసైకిల్ బిన్‌లో వెతికాను. ఆర్ఎమ్ దేన్నీ అక్కడికి పంపదు. ఆ ఫొటోలు ఇంకెక్కడా లేవు.

ఉబుంటులో మీరు సుడో వాడినా వాడకపోయినా, సీ డ్రైవ్ మీద మీకున్న అధికారం విండోస్‌లో మీ యూజర్‌కు ఉన్నంతే. విండోస్ ఫైళ్లను అది కొంతవరకు కాపాడుతుంది. మీ ఫొటోలు, మీ పత్రాలు మీ యూజర్‌వే కాబట్టి వాటిని కాపాడదు.

నేను ఆ రోజు నుంచి పాటిస్తున్నవి ఇవి. ప్రతి స్క్రిప్టు మొదట్లో 'సెట్ -యూ' రాస్తాను, విలువ ఇవ్వని వేరియబుల్ తగిలితే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. విలువ ఇచ్చినా అది ఖాళీ కావచ్చు కాబట్టి, తీసేసే లైనుకు ముందు దాన్ని విడిగా పరీక్షిస్తాను. నక్షత్రం ఉన్న ఏ ఆర్ఎమ్ కమాండ్‌నైనా ముందు ఆర్ఎమ్ స్థానంలో 'ఎకో' పెట్టి కొడతాను, ఏమేం పోతాయో తెరమీద కనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో మీకు సీ డ్రైవ్ అసలు కనబడకపోతే ఇంకా నయం. ఉబుంటులో 'ఈటీసీ' ఫోల్డరులోని 'డబ్ల్యూఎస్ఎల్.కాన్ఫ్' ఫైల్లో ఆటోమౌంట్ అనే శీర్షిక కింద 'ఎనేబుల్డ్=ఫాల్స్' అని రాసి, షట్‌డౌన్ చేసి తెరిస్తే గట్టుకు తలుపు పడ్డట్టే. చెయ్యి తిరిగాక తీసేసుకోవచ్చు.

రెండో వైపు ప్రమాదం కూడా చెప్పాలి. 'డబ్ల్యూఎస్ఎల్ --అన్‌రిజిస్టర్' అనేది వినడానికి పేరు తొలగించడంలా ఉంటుంది. అది ఉబుంటును, అందులో మీరు దాచుకున్న ప్రతి ఫైలునూ మొత్తం తుడిచేస్తుంది, మళ్లీ అడగదు. అందుకని నెలకోసారి 'డబ్ల్యూఎస్ఎల్ --ఎక్స్‌పోర్ట్ ఉబుంటు' అని కొట్టి, పక్కన ఒక టార్ ఫైలు పేరు ఇవ్వండి. ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లో ఉంచకండి, విడిగా ఉన్న డిస్కులోకి మార్చండి. మీ ఫొటోల ఫోల్డరును కూడా అదే డిస్కులోకి ఈ రోజే కాపీ చేసుకుని, ఆ తర్వాత ఆర్ఎమ్ నేర్చుకోవడం మొదలుపెట్టండి.